కన్ను అలవాటు పడుతుంది

బడిలో లైటు ఎక్కడ పెట్టాలో తెలియాలంటే చివరి బెంచీలో కూర్చోవాలి. ఆ మంగళవారం పొద్దున అబ్దుల్ రజాక్ అదే పని చేశాడు. యాభై రెండేళ్ల మనిషి, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని, ఏడో తరగతి ఆడపిల్లల మధ్య ఇరుక్కుని నల్లబల్ల వంక చూశాడు. బల్ల కుడివైపు సగం మీద లైటు మెరుపు తెల్లగా పడుతోంది. మాస్టారు వేసిన లెక్కలో జవాబు ఆ మెరుపులో కలిసిపోయింది.

"ఆ జవాబు నీకు కనపడతా ఉండాదా పాపా?" అని పక్కనున్న పిల్లని అడిగాడు.

"లేదు తాతా."

"మరి ఎట్టా రాసుకుంటా ఉండావు?"

"ముందు బెంచీ వాళ్ల పుస్తకంలో చూసి."

క్లాసంతా గొల్లుమంది. రజాక్ కూడా నవ్వి, బెంచీ పట్టుకుని లేచాడు. హెడ్మాస్టరు క్రీస్తురాజు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"లైటు బల్లకి ఎదురుగా కాదు సార్, బల్లకి పైన ఉండాల. రెండడుగులు ముందుకు జరిపి, మొహం బల్ల మీదికి వంచాల. పిల్లోళ్ల నెత్తిన పడే లైట్లు బెంచీల వరసతో పాటు పోవాల, అడ్డంగా కాదు. లేకపోతే రాసే చేతి నీడ రాసిన అక్షరం మీదే పడుద్ది."

"లైటుకి కూడా ఇంత చదువుండాదా అన్నా?"

"ఎందుకు లేదు సార్? మసీదులో చదివేవాడి నీడ పేజీ మీద పడకూడదు. చర్చిలో పాస్టరుగారి కళ్లల్లో లైటు కొట్టకూడదు, ఆయన మొహం మాత్రం అందరికీ కనపడాల. పెళ్లి హాల్లో నగలు మెరిస్తే చాలు, పెళ్లికొడుకు మొహం కనపడకపోయినా ఎవురూ అడగరు."

గది కొలత చూసి లైటు పెట్టేవాడు కూలీ, గదిలో జరిగే పని చూసి పెట్టేవాడు మేస్త్రీ. ఈ మాట రజాక్ ముప్పై ఏళ్లుగా చెబుతున్నాడు. ఎవరో పెద్దవాళ్లన్న సామెతలా చెబుతాడుగానీ, అది అతను సొంతంగా కట్టుకున్నదే. తూర్పుతిప్ప ఊళ్లో ఆరు కట్టడాలకు కొత్త లైట్లు పెట్టే పని ఈ మధ్యే అతని చేతికి వచ్చింది. రొయ్యపిల్లల హేచరీ యజమాని సుశీల్ కుమార్ చనిపోయిన తన తల్లి పేరున పెట్టిన ట్రస్టు తరఫున చేయిస్తున్నాడు. మొదట ఆసుపత్రి అయిపోయింది. ఇప్పుడు బడి. తర్వాత లైబ్రరీ, తుఫాను షెల్టరు, పంచాయతీ ఆఫీసు, చర్చి.

జేబులో ఫోను మోగింది. ఆసుపత్రి డాక్టరమ్మ కరుణాకుమారి.

"రజాక్, ఒకసారి రావాల. సాయంత్రం కాదు, ఇప్పుడే."

ఫోను పెట్టేశాక క్రీస్తురాజు గొంతు తగ్గించాడు. "కామాక్షి బిడ్డ సంగతే అయ్యుంటుంది. విన్లేదా నువ్వు? పాలెంలో చేపలమ్మే వనజాక్షి లేదూ, ఆమె కూతురు. పది రోజుల కింద ఇక్కడి ఆసుపత్రిలోనే కాన్పయింది. మూడో రోజున బిడ్డ బాగుండాదని ఇంటికి పంపించినారు. ఏడో రోజుకి పాలు తాగలేదంట. నెల్లూరు తీసకపోతే కామెర్లు తలకెక్కినాయన్నారు. ఒంట్లో రక్తం మొత్తం మార్చినారు. పానం నిలిచిందిగానీ, చెవులు వినపడతాయో లేదో చెప్పలేమన్నారంట."

రజాక్ టేపు చుట్టుకుంటున్నాడు. చుట్టడం ఆపాడు.

"సిస్టరు సరిగ్గా చూడలేదని గోల. శుక్రవారం ఎంక్వైరీ. పచ్చగా ఉండే బిడ్డ పచ్చగా ఉందని కనపడదా అన్నా కళ్లుండేవాళ్లకి?"

రజాక్ టేపు సంచిలో వేసుకుని, నిచ్చెన అక్కడే వదిలేసి బయటికి వచ్చాడు. బండి స్టార్టు చేయడానికి మూడుసార్లు తన్నాల్సి వచ్చింది.

బాలింతల వార్డు గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. ఆరు మంచాలు. మూడింటిలో మనుషులున్నారు. ఉప్పుగాలి తగిలితే బాలింతకు సన్నిపాతం వస్తుందని కిటికీ రెక్కలన్నీ బిగించి, సందుల్లో పాత చీరలు కుక్కి పెట్టారు వెంట వచ్చిన పెద్దవాళ్లు. పగలు పదకొండు గంటలకు కూడా లోపల లైట్లు వెలుగుతూనే ఉండాలి. అవి ఎనిమిది. గుండ్రటి ప్యానెల్ లైట్లు, పసుపు రంగువి. ఒక్కోదాని మీద అడ్డంగా ఎర్ర పెయింటుతో రజాక్ చేతిరాతే ఉంది: "ప్రభువునందు నిద్రించిన శ్రీమతి ప్రేమలీల గారి జ్ఞాపకార్థం".

దానమిచ్చిన వస్తువు మీద పేరు రాయడం ఈ ప్రాంతంలో కొత్తేమీ కాదు. ఒకసారి మసీదులో ట్యూబులైటు మీద తాత, తండ్రి, ఇద్దరు కొడుకులు, చివర ఫోను నంబరూ రాయించారు. వెలుతురు అక్షరాల సందుల్లోంచి తొంగిచూసేది. అంతవరకు నవ్వుకోవచ్చు. కానీ చనిపోయినవాళ్ల పేరు రాసిన లైటును ఒకసారి బిగిస్తే దాన్ని దించే ధైర్యం ఎవరికీ ఉండదు. మాడిపోయినా అది అట్లాగే వేలాడుతూ ఉంటుంది. పైన బిగించాక మెడ విరుచుకుని రాయలేం కాబట్టి పేరు ముందే రాస్తారు. అందుకే ఈ లైట్లు గదికి సరిపోతాయా లేదా అని చూసేలోపే వాటి మీద తల్లి పేరు రాసిన పెయింటు ఆరిపోయింది.

ఇవి ఆసుపత్రి కోసం కొన్నవి కావు. కావలి రోడ్డులో సుశీల్ కుమార్ కట్టిన ఫంక్షన్ హాలుకు తెప్పిస్తే మిగిలినవి. అక్కడ అవి ఎంత బాగున్నాయో రజాక్‌కు తెలుసు. ఆ వెలుతురులో ఎవరి మొహమైనా పసుపు రాసుకుని స్నానం చేసినట్టు కళగా ఉంటుంది. మూడో మంచం మీద పసిబిడ్డ నిద్రపోతోంది. రజాక్ వంగి చూశాడు. కళగా ఉంది. తెల్లటి పక్కగుడ్డ కూడా అదే రంగులో ఉంది. తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు, అదీ అంతే.

డాక్టరమ్మ తన గదిలో తలుపు దగ్గరగా వేసి మాట్లాడింది.

"సిస్టరు అబిగయీలు తప్పంతా లైటు మీద పెడతా ఉంది రజాక్. ఈ లైటులో కామెర్లు కనపడలేదంటది. ఎన్నేళ్లుగా చేస్తా ఉంది ఆ పని! నువ్వొక కాయితం రాసియ్యి. వార్డులో లైట్లు ఆసుపత్రికి తగినవేనని. నీ లైసెన్సు నంబరు, స్టాంపు వెయ్యి. అంతే."

"మేడం..."

"డిశ్చార్జి షీటు మీద నా సంతకం ఉండాది. ఆరోజు రెండు మీటింగులు. బిడ్డని నేను చూళ్లేదు, ఆమె చూసిందని నమ్మి పెట్టినా. నా పరిస్థితి అర్థం చేసుకో." ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "సుశీల్ కుమార్ గారు కూడా అదే అన్నారు. అమ్మ పేరు ఎంక్వైరీలోకి రాకూడదని."

రజాక్ తల ఊపాడు. ఊపినందుకు తన మీద తనకే చిరాకేసింది. ఏ గదిలోకి వెళ్లినా ఎదుటివాళ్ల ముఖం చూసి తల ఊపడం తప్ప ఈ జన్మలో ఇంకేం నేర్చుకున్నాను అనిపించింది.

స్టాఫ్ నర్సు అబిగయీలు కట్లుకట్టే గదిలో ఉంది. బిడ్డల్ని ముట్టుకోవద్దని సోమవారం నుంచి ఆమెకు ఆర్డరు. ఆమె స్థానంలో పక్క ఊరి నుంచి ఇంకో నర్సును వేశారు. బల్ల ముందు నిలబడి గాజుగుడ్డ కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి, డబ్బాలో పేరుస్తోంది. మడతలన్నీ ఒకే కొలత. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా మార్చిలో పొడిగిస్తారు.

"రా రజాకన్నా," అంది తల ఎత్తకుండానే.

"ఎట్టుండావమ్మా?"

"ఉండా." ఇంకో ముక్క కత్తిరించింది. "లైట్లు బిగించే రోజు నిన్నొక మాట అడిగినా. గుర్తుండాదా?"

గుర్తులేదని చెప్పగలిగితే ఎంత బాగుండేది. ఆరోజు అతను నిచ్చెన మీద ఉన్నాడు, ఆమె కింద నిలబడి ఒక బిడ్డను భుజాన వేసుకుని పైకి చూసింది. అన్నా, ఇది పసుపుగా ఉండాదే, బిడ్డల్ని చూసేదానికి సరిపోతాదా అని అడిగింది. కిందే సుశీల్ కుమార్ మనిషి నిలబడి ఉన్నాడు.

"గుర్తుండాది," అన్నాడు రజాక్.

"నువ్వేమన్నావు?"

"పరవాలేదమ్మా, కన్ను అలవాటు పడుద్ది అన్నా."

"అదే నేనూ అనుకున్నా. లైట్ల సంగతి నీకు తెల్సినంత నాకేం తెలుసునని." ఆమె కత్తెర కింద పెట్టింది. "అలవాటు పడింది గూడా అన్నా. రెండు రోజులకే పడింది. అది పసుపు లైటని కూడా మర్చిపోయినా."

ఆమె అరవలేదు, ఏడవలేదు. అట్లా చేసి ఉంటే రజాక్‌కు కొంచెం ఊపిరాడేది. మళ్లీ గాజుగుడ్డ అందుకుని మడత పెట్టడం మొదలుపెట్టింది. అతను ఎంతసేపు నిలబడ్డాడో, ఆమె అన్ని మడతలు పెట్టింది.

బుధవారం పొద్దున బోగోలులోని తన కొట్లో రజాక్ ఒక పని చేశాడు. పక్కనే ఉన్న ఇంట్లోంచి రెండు తెల్ల రుమాళ్లు తెచ్చాడు. ఒకదాన్ని చిటికెడు పసుపు కలిపిన నీళ్లలో ముంచి పిండాడు. రెండూ ఆరాక, ఫంక్షన్ హాలు లైట్లలో మిగిలిన ఒకదాన్ని కొట్టు వెనక గదిలో వెలిగించి, తలుపు మూసి, రెంటినీ తాడు మీద వేశాడు. భార్య మెహబూబున్నీసాను పిలిచాడు.

"ఇందులో ఏది తెల్లది?"

ఆమె ఇటొకసారి అటొకసారి చూసింది. "రెండూ తెల్లయ్యే గదా."

"సరిగ్గా చూడు."

"ఏందయ్యా నీ పరీక్ష, పొయ్యి మీద అన్నం ఉండాది. ఇదిగో, ఇది." ఆమె పసుపులో ముంచినదాన్ని చూపించింది.

రజాక్ రుమాళ్లు రెండూ తీసుకుని కొట్టు ముందు ఎండలోకి వెళ్లాడు. ఆమె వెనకే వచ్చి చూసింది. ఎండలో ఒకటి పాలలాగా ఉంటే ఒకటి పసుపు కొమ్ములాగా ఉంది.

"కొట్లో చీర చూపిస్తే గుమ్మం దగ్గరికి తెచ్చి చూడకుండా ఏ ఆడది కొంటాదయ్యా?" అంది. "పోయినేడు జువ్వలదిన్నె హార్బరులో వేలం షెడ్డుకి పసుపు లైట్లు పెడతామంటే నువ్వు ఒప్పుకోలేదు. మొప్పలు ఎర్రగా ఉండేది లేనిది తెలవదు, నిన్నటి చేప కూడా ఇయ్యాళ్టిది అనిపిస్తాదని నానా రభస చేసినావు. చేపల దగ్గర అంత కొట్లాడినోడివి."

మిగతా సగం ఆమె అనలేదు. అనకపోయినా అది రజాక్‌కు తగలాల్సిన చోటే తగిలింది. కొట్టు గుమ్మం మీద కూలబడ్డాడు.

"కాయితం రాసియ్యకపోతే?" అని అడిగాడు. ముందు రాత్రే ఆమెకు సంగతంతా చెప్పాడు.

"సుశీల్ కుమార్ అయిదు కట్టడాల పని వేరేవాడికిస్తాడు. డాక్టరమ్మ నీ లైసెన్సు మీద రాస్తాది. ఈ మండలంలో నీకు స్విచ్చి బిగించే పని గూడా దొరకదు."

"రాసిస్తే?"

మెహబూబున్నీసా పసుపు రుమాలు మడిచి చేతిలో పెట్టుకుంది. "ఆ సిస్టరు పిల్ల నిన్ను నమ్మి అడిగింది గదయ్యా," అని లోపలికి వెళ్లిపోయింది. అన్నం మాడిన వాసన వచ్చింది.

గురువారం సుశీల్ కుమార్ కబురు పెట్టాడు. ఫంక్షన్ హాల్లో ఏదో నిశ్చితార్థానికి పూలు కడుతున్నారు. తెల్లచొక్కా వేసుకుని, కుర్చీ తానే తెచ్చి వేసి రజాక్‌ను కూర్చోబెట్టాడు. చెడ్డమనిషైతే రజాక్‌కు పని సులువయ్యేది. ఈ మనిషి తుఫాను వచ్చినప్పుడు పాలెం మొత్తానికి వారం రోజులు అన్నం వండించినవాడు. కామాక్షి బిడ్డను నెల్లూరు తీసుకెళ్లిన కారు కూడా అతనిదే.

"మా అమ్మ ఆ వార్డులోనే నన్ను కనింది రజాకన్నా. అప్పుడు కిరసనాయిలు దీపం. చచ్చిపోయేముందు ఒకటే అనింది, ఆ గదిలో వెలుతురు పెట్టించరా అని. నేను పెట్టించినా. ఇప్పుడు ఊళ్లో అంటా ఉండారంట, ప్రేమలీలమ్మ లైటు కింద బిడ్డకి కామెర్లొచ్చినాయని." అతను భుజం మీది కండువా తీసుకున్నాడు. "లైటు వల్ల కామెర్లొస్తాయా? నువ్వు చెప్పు."

"రావు సార్."

"అదే గదా నేననేది."

లైటు వల్ల రావు సార్, లైటు వల్ల కనపడవు. ఆ మాట రజాక్ నాలుక దాకా వచ్చింది. సుశీల్ కుమార్ కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. ఏడుస్తున్న మనిషికి ఎట్లా చెప్పడం? చెప్పలేదు. టైపు చేయించిన కాగితం చేతికిచ్చారు. అక్కడే, పూలబుట్ట మూత మీద పెట్టుకుని సంతకం చేశాడు. సంచిలోంచి స్టాంపు తీసి వేశాడు. అంత సులువుగా వేసినందుకు ఆ రాత్రి చాలాసేపు బాధపడ్డాడు.

శుక్రవారం జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన ఆఫీసరు పెద్దాయన, ఓపికగలవాడే. కాకపోతే ఆరోజే ఇంకో రెండు ఆసుపత్రులకు వెళ్లాల్సి ఉంది. వార్డులోనే బల్ల వేయించుకుని కూర్చున్నాడు. పక్కన డాక్టరమ్మ, సుశీల్ కుమార్. గోడవారగా అబిగయీలు. మంచాల మీద బాలింతలు దుప్పట్లు మెడదాకా లాక్కున్నారు. రజాక్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు, జేబులో కాగితంతో.

ముందు వనజాక్షిని పిలిచారు. నెల్లూరు నుంచి పొద్దున బస్సుకు వచ్చింది. చేపల గంప మోసి మోసి మెడ ఒకవైపుకు వాలిన మనిషి.

"ఇంటికెళ్లాక మీరెవరూ చూసుకోలేదా అమ్మా? బిడ్డ రంగు మారింది కదా?"

"పురిటి గదిలో జీరో బల్బు సార్. పదకొండో రోజు నీళ్లు పోసేదాకా బిడ్డని బయట చూపించం."

"పాలు తాగకపోతే అనుమానం రాలేదా?"

"నిద్రపోతా ఉండింది సార్. ఏడుపు లేదు. బుద్ధిమంతురాలు అనుకున్నాం." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్లీ తీసింది. "మాయన్నీ నల్లమొహాలు సార్. బిడ్డ బంగారు ఛాయలో ఉండాదని చుట్టాలంతా ఒకటే మురిసిపోవడం. దిష్టి తగులుద్దని రోజూ మిరపకాయలు తిప్పేసినా. మూడు రోజులు తిప్పేసినా సార్ ఈ చేత్తో."

ఆఫీసరు కొంచెంసేపు కలం ఆపి, తర్వాత రాసుకున్నాడు: కుటుంబసభ్యుల అవగాహనా లోపం. పైకి చదువుకుంటూ రాయడం ఆయనకు అలవాటు. వనజాక్షికి ఆ మాటలు అర్థం కాలేదుగానీ, తన మీద ఏదో రాశారని మాత్రం తెలిసింది. తల వంచుకుంది.

"సిస్టర్ లైటు గురించి అంటున్నారు. వైర్‌మ్యాన్ సర్టిఫికెట్టు ఉందన్నారు. ఏదీ?"

రజాక్ కాగితం తీశాడు. బల్ల దాకా నాలుగడుగులు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. వనజాక్షి వంచిన తల వంక చూశాడు. పెద్దవాళ్లంతా కూర్చున్నారు, చిన్నవాళ్లు నిలబడ్డారు. తన సంతకం ఇప్పుడు కూర్చున్నవాళ్ల వైపుకు వెళుతోంది. ముందుకు పోతే ఒక గొయ్యి, వెనక్కి పోతే ఒక గొయ్యి.

"సార్, సంతకం నాదే. కాయితంలో మాట నాది కాదు," అన్నాడు.

డాక్టరమ్మ చటుక్కున తలెత్తింది.

"ఇవి పెళ్లిహాలు లైట్లు సార్. వీటి కింద పసుపు ఉండేది కనపడదు. ఆ సంగతి నాకు బిగించే రోజే తెలుసు. సిస్టరమ్మ అడిగింది గూడా. కన్ను అలవాటు పడుద్దిలేమ్మా అన్నా. సుశీల్ కుమార్ గారి మనిషి పక్కనే ఉండాడని, పేర్లు గూడా రాసేసినామని, అట్టా అనేసినా."

"రజాకన్నా, ఏం మాట్లాడతా ఉండావు?" సుశీల్ కుమార్ మెల్లగానే అడిగాడు.

ఆఫీసరు చిరాకుపడ్డాడు. "ఏమయ్యా, లైటు లైటే కదా. గదంతా వెలుగు కనిపిస్తూనే ఉంది. ఇదిగో, చదువుకోగలుగుతున్నాను. రుజువేమిటి నీ మాటకి?"

రుజువు కోసం రజాక్ ఏమీ తెచ్చుకోలేదు. రుమాళ్లు కొట్లోనే ఉన్నాయి. ఇంకేం చేయాలో తోచక, పక్కనున్న కిటికీ దగ్గరికి వెళ్లి, సందులో కుక్కిన పాతచీర పట్టుకుని లాగాడు. గడియ తీసి రెక్క తోశాడు. పదిన్నర ఎండ మూడో మంచం మీద పడింది.

"అయ్యో అయ్యో, గాలి!" అని ఆ మంచం తాలూకు పెద్దామె లేచింది. "నీకేమన్నా పిచ్చా సాయిబూ!"

గోడవారగా ఉన్న అబిగయీలు కదిలింది. ముట్టుకోవద్దన్న ఆర్డరు ఇచ్చిన డాక్టరమ్మ ఎదురుగానే ఉంది. అయినా వచ్చి మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, పసిబిడ్డ నుదుటి మీద బొటనవేలితో నొక్కి వదిలింది. గుడ్డ తొలగించి రొమ్ము మీద నొక్కి వదిలింది. పొట్ట మీద నొక్కింది. వేలు తీసిన చోట, రక్తం మళ్లీ కమ్ముకునేలోపు, లేత పసుపు.

"సార్, ఈ బిడ్డకీ ఉండాది. పొట్టదాకా దిగింది."

కుర్చీలన్నీ ఒక్కసారి జరిగాయి. ఆఫీసరు వచ్చి వంగి చూశాడు. డాక్టరమ్మ వచ్చి తానూ నొక్కి చూసి, అంబులెన్సుకు ఫోను చేయమని చేత్తో సైగ చేసింది. గాలి తగులుతుందని లేచిన పెద్దామె రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని అట్లాగే నిలబడింది. బుధవారం పుట్టిన ఆ బిడ్డను రెండు రోజులుగా కొత్త నర్సు చూస్తూనే ఉంది, పొద్దున బాగుందని కూడా రాసింది.

అంబులెన్సు వెళ్లిపోయాక మళ్లీ అందరూ కూర్చున్నారు. అప్పుడు రజాక్‌కు మంగళవారం నుంచి మొదటిసారి గుండె తేలికైంది. ఇంక అబిగయీలు బయటపడుతుంది, తనకు ఏమైతే అయింది అనుకున్నాడు.

"అయితే సిస్టర్ తప్పు లేదన్నమాట," అన్నాడు ఆఫీసరు, కలం తీస్తూ.

"ఉండాది సార్," అంది అబిగయీలు.

రజాక్ ఆమె వంక తెల్లబోయి చూశాడు.

"లైటు ఎట్టా ఉన్నా, ఈ కిటికీ ఆరోజు గూడా ఇక్కడే ఉండింది. బిడ్డని ఎండలో చూడాలని మాకు ట్రైనింగులో చెప్పినారు. నేను చీర తియ్యబోయినా. గాలి కొడతాదని ఈ వనజక్కే వద్దనింది. పెద్దామెతో గొడవెందుకులే అని ఊరుకున్నా. అన్న లైటు సంగతి అన్న చెప్పినాడు. నా సంగతి నేను చెప్పాల గదా."

వనజాక్షి తలెత్తి ఆమెను చూసింది.

ఆఫీసరు ఒకరి తర్వాత ఒకరిది రాసుకున్నాడు. వైర్‌మ్యాన్ తప్పు ఒప్పుకున్నాడు, లైసెన్సుపై నోటీసు. స్టాఫ్ నర్సు ఒప్పుకుంది, మెమో, కాంట్రాక్టు సంగతి మార్చిలో. కుటుంబం అవగాహనా లోపం ముందే ఉంది. అడగకుండానే ముగ్గురు దొరికారు, ఇంక నాలుగోవారి కోసం ఆయన వెతకలేదు. డిశ్చార్జి షీటు మీద సంతకం ఎవరిదని అడగలేదు. లైట్లు ఎవరిచ్చారనీ అడగలేదు. ఫైలు కట్టి, మంచినీళ్లు తాగి, దాత గారికి నమస్కారం పెట్టి జీపెక్కాడు.

సుశీల్ కుమార్ వెళుతూ రజాక్ దగ్గర ఆగాడు. "ఒక్కమాట నాతో ముందే చెప్పుంటే నేనే మార్పించేవాణ్ణి గదన్నా. బిడ్డల కన్నా నాకు లైట్లెక్కువా?"

నిజమే. అతను మార్పించేవాడే. అదే రజాక్‌ను అన్నిటికన్నా ఎక్కువగా కుంగదీసింది. ఎవరూ తనను బంధించలేదు. అడిగితే తలుపు తెరుచుకునేదే. అడగడానికి మొహమాటపడ్డాడు, అంతే.

సోమవారం మధ్యాహ్నం రజాక్ వార్డులో నిచ్చెన వేశాడు. బడి పని, మిగతా పనులు కావలి నుంచి వచ్చిన వేరే మేస్త్రీకి వెళ్లాయి. ఈ ఒక్క పని మాత్రం పెట్టినవాడే దించాలన్నారు. పాత లైట్లు ఒక్కోటీ దించి, పేరు గీసుకుపోకుండా పాత దుప్పటిలో చుట్టి పెట్టాడు. వాటిని తీసుకెళ్లడానికి హేచరీ కారు రావాలి. తన మోపెడ్ మీద తెచ్చిన పెట్టె విప్పి తెల్లలైట్లు బిగించడం మొదలుపెట్టాడు. నాలుగో లైటు బిగించి స్విచ్చి వేయించాడు. గోడలు ఎంత మాసి ఉన్నాయో, పక్కగుడ్డల మీద ఎన్ని మరకలున్నాయో అన్నీ బయటపడ్డాయి.

వనజాక్షి లోపలికి వచ్చింది. బిడ్డ పుట్టిన కాగితం కోసం వచ్చినట్టుంది, చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంది. గుమ్మంలో ఆగి పైకి చూసి, నిచ్చెన దగ్గరికి నడిచింది.

"బిడ్డ ఎట్టుండాదమ్మా?" అని రజాక్ పైనుంచి అడిగాడు.

"పాలు తాగతా ఉండాది. మూడో నెల్లో చెవుల పరీక్ష చేస్తారంట." ఆమె తన చెయ్యి చాపి లైటు కింద పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. వేళ్ల సందుల్లో చేపపొలుసు ఒకటి అంటుకుని ఉంది. దాన్ని గోటితో గీకేసింది. "ఇందులో అన్నీ కనపడతా ఉండాయే."

"కనపడతాయమ్మా."

"యాణ్ణించి తెప్పించినావు సాయిబూ ఇయ్యి? మదరాసు నుంచా?"

రజాక్ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. "తెప్పించలేదమ్మా. మా కొట్లోవే."

"ఎప్పుటి నుంచి ఉండాయి మీ కొట్లో?"

రజాక్ నిచ్చెన పక్కనున్న పెట్టె వంక చూశాడు. ఎవరో కొడుకు పెళ్లికి ఆర్డరిచ్చి తీసుకుపోకుండా వదిలేసిన పెట్టె అది. దాని మీద ఏడాది దుమ్ము ఇంకా అతని చేతులకు ఉంది.

"పోయినేటి నుంచి," అన్నాడు.

"నా మనవరాలు పుట్టిన రోజు గూడా ఉండాయా?"

"ఉండాయి."

వనజాక్షి ఇంకేమీ అడగలేదు. వెళ్లిపోనూ లేదు. నిచ్చెన కాళ్ల దగ్గర, తలెత్తి, కవరు గుండెకు ఆనించుకుని నిలబడి ఉంది. ఇంకా నాలుగు లైట్లు బిగించాలి, నిచ్చెన జరపాలి. జరపాలంటే దిగాలి. దిగితే ఆమె ఎదురుగా దిగాలి.